పేరుల వేలము – అందలి మోసముల చరిత్ర

వేలముపాట మన గ్రామములకు క్రొత్త కాదు. చెరువులోని చేపలకును, తోపులోని చింతకాయకును, దేవాలయ మాన్యముల కౌలునకును రచ్చబండయొద్ద పాట జరుగుట మనమందరము చిన్ననాటినుండి చూచినదే. పాట నడుపువాడు ఒకటవసారి, రెండవసారి అని పిలుచుచుండగా పాటగాండ్రు ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఆ పాటలయందును మోసములు లేకపోలేదు. పాడవలసిన వారందరు ముందుగా కూడబలుక్కొని ధరను అణచివేయుట యొకటి. కొనవలెనను తలంపే లేనివాడు అమ్మువాని పక్షమున నిలిచి ధరను ఎగదోయుట మరియొకటి. అయినను అచ్చట సరకు కంటికి కనబడును. చింతచెట్టు ఎచ్చటికిని పారిపోదు. పాట పాడినవాడు ఏ యింటివాడో ఊరెల్ల నెరుగును.

నేడు నేను ప్రస్తావింపబోవు వేలమునందు ఈ సౌకర్యములలో నొక్కటియు లేదు. సరకు కంటికి కనబడదు. అమ్మువాడు ఎవడో తెలియదు. పోటీగా పాడువాడు సముద్రముల కావలనుండి పాడుచుండవచ్చును. అసలు అట్టివాడు లేకయే యుండవచ్చును. ఆ సరకు ఇంటర్నెట్టులోని పేరు. దానిని డొమైన్ పేరు అని వ్యవహరింతురు.

ఈ ముసలి బడిపంతులునకు ఆ గొడవ యెందుకని మీరడుగవచ్చును. కారణము చెప్పెదను. నాయొద్ద చదువుకొన్న శిష్యుడొకడు చేనేత బట్టల వ్యాపారము చేయుచున్నాడు. తన దుకాణపు పేరునే ఇంటర్నెట్టులో నమోదు చేయించుకొని, దాని మూలమున దూరదేశములందున్న తెలుగువారికి చీరలు పంపుచుండెను. ఆ పేరునకు ఏటేట వేయి రూపాయలకు లోబడిన రుసుము చెల్లింపవలయును. ఒక యేడు రుసుము తాకీదు, కొలువు మాని వెడలిపోయిన గుమాస్తా ఈమెయిలునకు పోయినది. దానిని చూచినవారు లేరు. గడువు దాటెను. పేరు వేలమునకు వచ్చెను. ఎవడో పాడుకొనెను.

నెల తిరుగకుండ నా శిష్యునికి రెండు జాబులు వచ్చినవి. రెండు లక్షల రూపాయలిచ్చినచో పేరు తిరిగి యిత్తునని మొదటి జాబు. అరువదివేలకే యిత్తును గాని ఆ రాత్రిలోపల సొమ్ము చేరవలయునని రెండవ జాబు. అతడు రెండవ జాబును చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "పంతులుగారూ, పండుగ బేరములు దగ్గరపడినవి. అరువదివేలకు దొరకుచున్నది. పంపివేయుదునా?" అని యడిగెను. అతనికి నేనేమి చెప్పితినో తుదను మనవి చేసెదను. ముందుగా ఈ పేరులు ఎట్లు పుట్టినవి, ఎట్లు సరకులైనవి, వాని కొనుగోలులో లోకము ఎట్లు మోసపోయినది చూతము.

ఇంటర్నెట్టు అనగా లోకమందలి కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలిపిన వల. ఆ వలలోని ప్రతి యంత్రమునకును అంకెలతో గూడిన గుర్తు కలదు. అంకెలు యంత్రములకు సులభములు, మనుష్యులకు కష్టములు. కావున అంకెలకు బదులు పేరులు పెట్టుకొనిరి. ఈ వలకు పూర్వరూపము అమెరికాలో నడచుచుండిన కాలమున, కాలిఫోర్నియాయందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణియు ఆమె సహచరులును పేరులన్నిటికి ఒకే పట్టిక ఉంచుచుండిరి. పేరు కావలసినవారు ఆ కార్యాలయమునకు తెలుపుదురు. వారు పట్టికలో నెక్కింతురు. మన కరణముగారు అడంగలు వ్రాసికొన్నట్లే యనుకొనుడు.

యంత్రములు పెరిగినకొలది ఒక్క పట్టిక చాలదయ్యెను. 1983లో పాల్ మొకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు, జాన్ పోస్టెల్ అను పెద్దతో గూడి, పట్టికను శాఖోపశాఖలుగా విభజించు పద్ధతిని కల్పించెను. పేరు తుదనుండు చుక్క తరువాతి మాట శాఖను తెలుపును. వ్యాపారమునకు కామ్, విద్యాలయములకు ఎడ్యు, మన దేశమునకు ఇన్. నేడు తెలుగు లిపిలోనే భారత్ అను శాఖయు నున్నది. 1985 మార్చి 15వ తేదీని సింబాలిక్స్ అను కంప్యూటర్ల కంపెనీ పేరు డాట్ కామ్ శాఖలో మొట్టమొదట నమోదయ్యెను.

ఆ దినములలో పేరునకు వెల లేదు. ముందు వచ్చి యడిగినవానిదే పేరు. 1995లో నమోదు చేయు నెట్‌వర్క్ సొల్యూషన్స్ అను కంపెనీ రెండేండ్లకు 100 డాలర్ల రుసుము విధించెను. ఇంతలో వ్యాపారులు ఇంటర్నెట్టులోనికి వచ్చి పడిరి. మంచి పేరు నాలుగుబాటల కూడలియందలి దుకాణము వంటిదని గ్రహించిరి. బిజినెస్ డాట్ కామ్ అను పేరు 1997లో 1,50,000 డాలర్లకు అమ్ముడుపోయి, 1999లో 75 లక్షల డాలర్లకు మరల అమ్ముడుపోయెను. 2019లో వాయిస్ డాట్ కామ్ అను పేరు 3 కోట్ల డాలర్లు పలికెను. 1998లో ఈ పేరుల వ్యవస్థను పర్యవేక్షించుటకు ఐకాన్ అను సంస్థ ఏర్పడెను. తరువాత నమోదు చేయు కంపెనీలు అనేకములు వెలసినవి. వానిని రిజిస్ట్రార్లు అందురు.

ఇచ్చట నొక సంగతి గట్టిగా గుర్తుంచుకొనవలయును. ఈ పేరు మనము మిరాసీగా కొన్న భూమి వంటిది కాదు. ఏటేట పునరుద్ధరించుకొను కౌలు వంటిది. రుసుము చెల్లించినంతకాలము మనది. గడువు దాటినపిమ్మట డాట్ కామ్ మొదలగు శాఖలలో 45 దినములవరకు రిజిస్ట్రారు ఓపిక పట్టవచ్చును. పేరు తొలగింపబడినచో, అధిక రుసుముతో విడిపించుకొనుటకు మరి 30 దినములు కలవు. ఆ మీద 5 దినములకు పేరు పట్టికనుండి పూర్తిగా జారిపోవును. కాని మంచి పేరైనచో అంతదాక రానీయక రిజిస్ట్రార్లే వేలము వేయుట కలదు. ఇట్లు గడువు తీరిన పేరులును, సొంతదారులు తామై అమ్మజూపిన పేరులును వేలమునకు వచ్చును. మోసగాండ్రు ఈ రెండు త్రోవలయందును కాచియుందురు.

మొదటి మోసము తనది కానిదానిని అమ్ముట. మన ధర్మశాస్త్రకారులు దీనికి అస్వామివిక్రయమని పేరు పెట్టిరి. మనువు చెప్పిన 18 వ్యవహారపదములలో ఇది మూడవది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్యానము వ్రాసెను. దానిని 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. ఆ స్మృతిలో అస్వామివిక్రయమునకు చెప్పిన తీర్పు యిది. ఒరులు అమ్మివేసిన తన సొమ్మును సొంతదారు తిరిగి పొందును. కొన్నవాడు తనకు అమ్మినవానిని చూపి నిర్దోషి కావలయును. తన వెలను వానియొద్దనే రాబట్టుకొనవలయును. రహస్యముగా గాని, మిక్కిలి తక్కువ వెలకు గాని, వేళకాని వేళ గాని, అట్టి సొమ్ము కలుగుటకు తగని వానియొద్ద గాని కొన్నవాడు దొంగతో సమానుడు. ఈ నాలుగు గురుతులు ఎన్ని శతాబ్దములు గడచినను చెక్కుచెదరలేదు. ఇంటర్నెట్టు చరిత్రయే సాక్ష్యము.

1994లో అమెరికాలో గారీ క్రెమెన్ అను నతడు డాట్ కామ్ శాఖలో నొక పేరు నమోదు చేయించుకొనెను. అది స్త్రీపురుష విషయమును తెలుపు మూడక్షరముల ఆంగ్లపదము. సభయం దుచ్చరింప నక్కరలేదు. మరుసటి యేడు స్టీఫెన్ కోహెన్ అనువాడు, మోసనేరమునకు చెరసాల యనుభవించి వచ్చినవాడు, నెట్‌వర్క్ సొల్యూషన్స్ వారికి నొక దొంగయుత్తరము అందజేసెను. అది క్రెమెన్ కంపెనీవారే వ్రాసినట్లుండెను. క్రెమెనును తొలగించితిమనియు, పేరును కోహెనునకు మార్చవలయుననియు అందలి సారాంశము. మాకు నేరుగా ఇంటర్నెట్టు సంబంధము లేదని కూడ అందు వ్రాసియుండెను. ఆ కంపెనీ పేరే ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్, అనగా ఇంటర్నెట్టు మీదనే ప్రకటనలు నడుపునది! చేపలు పట్టువాడు తనకు వల లేదని చెప్పినట్లున్నది. అయినను నమోదు చేయువారు క్రెమెనును ఒక్క మాటయు అడుగక పేరు మార్చివేసిరి.

క్రెమెన్ ఏండ్లతరబడి వ్యాజ్యము నడపెను. 2000 నవంబరులో న్యాయస్థానము పేరును అతనికి తిరిగి యిప్పించెను. 2001లో 6 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టపరిహారము చెల్లింపుమని కోహెనును ఆజ్ఞాపించెను. కోహెన్ ధనమును దేశము దాటించి తానును మెక్సికోకు పారిపోయెను. 2005లో గాని పట్టుబడలేదు. అయితే ఈ వ్యాజ్యమువలన లోకమునకు నొక మేలు కలిగెను. పేరు కూడ ఆస్తియే, దానిని నమోదు చేయించుట పట్టా కార్యాలయమున నొక స్థలమునకు హక్కు నిలుపుకొనుట వంటిది, దానిని పరులపాలు చేసిన నమోదుదారు బాధ్యుడు కావచ్చును, అని 2003లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను.

అది దొంగయుత్తరపు కథ. దొంగసొత్తు అంగడికి వచ్చిన కథ మరియొకటి కలదు. పి2పి డాట్ కామ్ అను పేరును ముగ్గురు భాగస్థులు 2005లో 1,60,000 డాలర్లకు కొనిరి. 2006లో న్యూజెర్సీ రాష్ట్రమునందలి యువకుడొకడు వారి ఖాతాలోనికి చొరబడి పేరును తన ఖాతాకు మార్చుకొనెను. పిమ్మట దానిని ఈబే అను ఇంటర్నెట్టు వేలముల అంగడిలో పెట్టెను. మార్క్ మాడ్సన్ అను ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు 1,11,000 డాలర్లకు కొనెను. ఇది చాటుమాటున జరిగిన బేరము కాదు. లోకమంతయు చూచుచుండగా జరిగిన పాట. అయినను సరకు దొంగిలినదే. ఆ యువకుడు 2009లో పట్టుబడి, నేరము ఒప్పుకొని, 2011లో అయిదేండ్ల శిక్ష పొందెను. పేరు దొంగతనమునకు అమెరికాలో పడిన మొదటి శిక్ష యిదియే యని ప్రసిద్ధి.

దీనివలన మనము నేర్వవలసినదేమి? అంగడి గొప్పదైనంతమాత్రమున అమ్మువాడు సొంతదారు కాడు. మన శాస్త్రకారులు భోగమని, ఆగమమని రెండు మాటలు చెప్పిరి. వస్తువు చేతిలోనుండి యనుభవించుట భోగము. అది ధర్మముగా తనకు సంక్రమించిన విధము ఆగమము. తాతతండ్రుల నాటినుండి వచ్చిన భోగము తక్క, తక్కినచోట్ల భోగముకంటె ఆగమమే బలవత్తరమని యాజ్ఞవల్క్యుని మతము. పేరు కొనువాడును ఈ రెంటిని వేరువేరుగ శోధింపవలయును.

భోగమును శోధించుట సులభము. పేరు నిజముగ తనచేతిలో నున్నవాడే ఆ పేరుమీది పుటలో మార్పు చేయగలడు. కావున, "అయ్యా, నేను చెప్పిన మాటనొకదానిని రేపటిలోపల ఆ పుటమీద వ్రాసి చూపుడు" అని యడుగవచ్చును. తాళపుచెవి గలవాడే తలుపు తీయగలడు గదా! ఆగమమును శోధించుట కొంత శ్రమ. రిజిస్ట్రార్లు బహిరంగముగా చూపు నమోదు వివరములలో పేరు ఎన్నడు పుట్టినది, ఇప్పుడు ఏ రిజిస్ట్రారుయొద్ద నున్నది, ఇటీవల మార్పేదైన జరిగినదా యను సంగతులు తెలియును. 2018 తరువాత సొంతదారు వ్యక్తివివరములు చాలవరకు మరుగుపరుపబడినవి. కావున పాత పుటలను భద్రపరచు గ్రంథాలయములను చూడవలయును. 1996 నుండి వెబ్‌పుటలను దాచుచున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ అట్టిది. ఆ పేరుమీద నిన్నమొన్నటివరకు నొక బడియో, వైద్యశాలయో నడచుచుండి, హఠాత్తుగా అది అమ్మకమునకు వచ్చినచో, అచ్చటి పాత చిరునామాకు నొక మాట వ్రాసి యడుగుటలో తప్పేమి? సొంతదారు నిజముగ అమ్మువాడైనచో అవునని చెప్పును. కానిచో మీరొక దొంగతనమును బయటపెట్టిన పుణ్యాత్ములగుదురు.

రెండవ మోసము కపటపు పాట. ఇది అమ్మువాని పక్షమున నిలుచు దొంగ పాటగాని పని. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఇండ్లు పొలములు అమ్ముటకు నొక పద్ధతి చెప్పబడినది. ఇరుగుపొరుగు కుటుంబముల యెదుట వెలను ముమ్మారు చాటవలయునట. పోటీవలన వెల పెరిగినచో, ఆ పెరిగిన భాగము సుంకముతో గూడ రాజు బొక్కసమునకు పోవలెనట, అమ్మువానికి కాదు. పెరిగిన ధర తనకు దక్కనప్పుడు కపటపు పాటగాని నిలుపుటకు అమ్మువానికేమి ప్రయోజనము? ఆ నియమము అందుకే పుట్టినదని నేను చెప్పజాలను గాని, దానివలన ఆ ఫలమును కలుగునని మాత్రము చెప్పగలను. నేటి వేలములలో ఆ నియమము లేదు. పాట పెరిగినకొలది అమ్మువానికిని, వేలము నడుపు కంపెనీకిని లాభమే.

ఇందులకు నిదర్శనము 2009 నవంబరులో బయటపడెను. స్నాప్‌నేమ్స్ అనునది గడువు తీరిన పేరులను వేలము వేయు అమెరికా కంపెనీ. అందులోని ఉద్యోగి యొకడు 2005 నుండి హాల్వరెజ్ అను మారుపేరుతో తన కంపెనీ వేలములలోనే పాడుచుండెను. ఆ మారుపేరును గూర్చి కొనువారిలో కొందరికి చాలనాళ్లనుండి అనుమానము కలదు. ఎచ్చట చూచినను ఆ పేరే. పాట ఎగబ్రాకుటకు ఆ పేరే కారణము. ఒక్కొక్కప్పుడు పాట అతనిమీదనే నిలిచిపోయినచో, వెలలో కొంత భాగమును కంపెనీనుండి రహస్యముగా తిరిగి తీసికొనుచుండెను. 2005 నుండి జరిగిన తమ వేలములలో సుమారు నూటికి అయిదింటికి ఈ కళంకము సోకినదని కంపెనీయే ప్రకటించెను. అధికముగ చెల్లించినవారికి ఆ తేడాను నూటికి 5.22 వంతున వడ్డీతో తిరిగి యిత్తుమని చెప్పెను. ఉద్యోగిని తొలగించి, అతనిపై వ్యాజ్యము వేసిరి.

తప్పు తెలిసినపిమ్మట సొమ్ము తిరిగి యిచ్చుట మెచ్చదగినదే. కాని నాలుగేండ్లపాటు వేలమువేయు ఇంటిలోనివాడే పాడుచుండినను కనిపెట్టువాడు లేకపోయెను గదా! ఎదుటి పాటగాడు మనుష్యుడో మారువేషమో మనకు తెలియనప్పుడు మనకు రక్షణ ఒక్కటే. పాటకు పోకముందే ఇంటియొద్ద కూర్చుండి, ఈ పేరు నా వ్యాపారమునకు ఎంతకు తగునో లెక్కవేసికొని, ఆ యంకెను కాగితముమీద వ్రాసి, ఆ గీటు దాటకుండుట. అట్లు చేసినవానిని కపటపు పాటగాడు ఆ గీటువరకే లాగగలడు గాని గీటు దాటింపలేడు. చింతతోపు పాటలో పట్టుదలకు పోయి పుస్తెలు తాకట్టుపెట్టినవారిని మన మెరుగుదుము. పట్టుదల పాటగాని శత్రువు. అది లేనిచో దొంగపాటకు బలమే లేదు.

మూడవ మోసము సొమ్ము చెల్లించుటలో నున్నది. ముందు సొమ్మా, ముందు పేరా? కొనువాడు ముందు సొమ్ము పంపినచో అమ్మువాడు పేరు ఇయ్యకపోవచ్చును. అమ్మువాడు ముందు పేరు మార్చినచో కొనువాడు సొమ్ము ఎగవేయవచ్చును. ఈ చిక్కునకు పూర్వులు కనిపెట్టిన మందు మధ్యస్థుడు. ఊరి పెద్దమనిషియొద్ద సొమ్ముంచి, పశువు చేతికి వచ్చినపిమ్మట, ఇచ్చివేయుడని చెప్పుట మన సంతలలో నున్న ఆచారమే. పేరుల బేరమునకును అట్టి మధ్యస్థులు ఏర్పడిరి. ఎస్క్రో డాట్ కామ్ అను సంస్థ 1999 నుండి ఈ పని చేయుచున్నది. కొనువాడు సొమ్మును ఆ సంస్థయొద్ద ఉంచును. పేరు తన ఖాతాకు చేరినదని అతడు చెప్పినపిమ్మట సంస్థ సొమ్మును అమ్మువానికి ముట్టజెప్పును.

మోసగాడు ఊరకుండునా? మధ్యస్థుని వేషమును వేసెను. పేరుపొందిన మధ్యస్థుల పేరునే ఒక అక్షరము మార్చి నమోదు చేయించి, అచ్చముగ వారి పుటవంటి పుటనే నిలిపి, "సొమ్ము ఇచ్చట నుంచుడు" అని జాబు పంపును. సొమ్ము ఉంచినవానికి పేరును రాదు, సొమ్మును రాదు. మరికొన్ని లిపులలో ఆంగ్లలిపిని పోలిన అక్షరములు కలవు. రష్యా లిపిలోని అకారము ఆంగ్లలిపిలోని అకారమునకు కవలపిల్ల. కంటికి తేడా తెలియదు, యంత్రమునకు మాత్రమే తెలియును. ఇట్టి అక్షరములతో ప్రసిద్ధమైన కంపెనీ పేరును అచ్చముగ నిలుపవచ్చునని 2017లో నొక పరిశోధకుడు చేసి చూపెను. కావున అమ్మువాడు పంపిన జాబులోని దారిని పట్టుకొని మధ్యస్థుని ఇంటికి పోరాదు. ఆ సంస్థ పేరును మనమే స్వయముగ అక్షరమక్షరము వ్రాసికొని పోవలయును. ఎదుటివాడు చూపిన పెద్దమనిషి ఎదుటివాని బంధువు కావచ్చును. మనువు పట్టికలో నిక్షేపము రెండవది, అస్వామివిక్రయము మూడవది. రెండును ప్రక్కప్రక్కన నుండుటలో నాకు వింత తోచదు; ఒకచోట తప్పినవాడు రెండవచోటనే పడును.

నాలుగవది మోసముకంటె చిక్కు అనదగినది. అమ్మువాడు నిజముగ సొంతదారే. పాట నిజమైనదే. సొమ్మును మధ్యస్థునియొద్దనే ఉంచితిరి. అయినను పేరు మీకు నిలువకపోవచ్చును. ఏలయన, ఆ పేరు మరియొకరి ప్రఖ్యాతిని అపహరించునది కావచ్చును. ఇందులకు మన దేశములోనే నొక ప్రసిద్ధమైన వ్యాజ్యము కలదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ వారి అనుబంధ సంస్థయగు సత్యం ఇన్ఫోవే 1999లో సిఫీ అను మాట చేరిన పేరులను నమోదు చేయించి వ్యాపారము చేయుచుండెను. తరువాత మరియొక కంపెనీ, ఒక ఆంగ్లాక్షరము మాత్రము అధికముగ చేర్చి, సిఫీనెట్ అను పేరులను నమోదు చేయించెను. మా అయిదుగురి పేరుల మొదటి అక్షరములు చేర్చి యీ మాట కల్పించుకొంటిమని వారి వాదము. బెంగుళూరు సివిలు న్యాయస్థానము సత్యమువారికి అనుకూలముగ ఉత్తరువిచ్చెను. హైకోర్టు దానిని త్రోసివేసెను. తుదకు 2004 మే 6వ తేదీని సుప్రీంకోర్టు ఆ అయిదక్షరముల సమాధానమును నమ్మక, సత్యమువారి పక్షమున తీర్పు చెప్పెను. డొమైన్ పేరునకును వ్యాపారచిహ్నమునకువలెనే న్యాయరక్షణ కలదని ఆ తీర్పువలన మన దేశమున స్థిరపడెను.

కావున ప్రసిద్ధుల పేరును పోలిన పేరు వేలములో చౌకగా వచ్చినచో సంతోషింపరాదు. పేరు నమోదైనంతమాత్రమున హక్కు నిలువదు. చౌక వెనుక వ్యాజ్యము కూర్చుండియుండును.

ఇక నా శిష్యుని కథకు వచ్చెదను. అతడు అరువదివేలు పంపివేయుదునా యని యడిగినప్పుడు నేను, "నాయనా, నాకు ఈ యంత్రముల సంగతి తెలియదు. కాని ఈ జాబులో నాకు తెలిసినవి మూడు కలవు. వెల మిక్కిలి తక్కువ. గడువు రాత్రిలోపల. అమ్మువాడు తన పేరును ఊరును చెప్పలేదు. తక్కువ వెల, వేళకాని వేళ, రహస్యము. దీనికి కేతన నాటికే తీర్పు వ్రాసియున్నారు" అని చెప్పితిని. అతడు నవ్వెను గాని సొమ్ము పంపుట ఆపెను.

మరునాడు ఇద్దరికిని జాబులు వ్రాయించితిమి. "ఆ పేరుమీది పుటలో తామరపువ్వు అను మాటను వ్రాసి చూపుడు" అని యడిగితిమి. రెండు లక్షలవాడు సాయంకాలమునకే వ్రాసి చూపెను. అరువదివేలవాడు తనకు జ్వరమనెను, తరువాత సొమ్ము వచ్చినగాని వ్రాయననెను, ఆ తరువాత మాటాడుట మానెను. వానిచేత ఆ పేరు ఎన్నడును లేదు. పేరు పోయిన సంగతి తెలిసికొని, పోగొట్టుకొన్నవాని తొందరనే సరకుగా అమ్మజూచినవాడు వాడు.

అయితే కథ సుఖాంతమని చెప్పజాలను. రెండు లక్షలు ఇచ్చుకొనుటకు నా శిష్యునికి శక్తి లేదు. ఇన్ శాఖలో మరియొక పేరు నమోదు చేయించుకొని, పాత ఖాతాదారులకు ఒక్కొక్కరికి ఫోనుచేసి చెప్పుకొనెను. ఆ యేటి దీపావళి బేరములు చాలవరకు పోయినవి. మగ్గములు నేయు ఆరు కుటుంబములకు ఆ రెండు నెలలు కూలి తగ్గెను. ఒక్క తాకీదు చూడకపోయిన ఫలము అది. ఇప్పుడతడు రుసుమును అయిదేండ్లకు ఒకేసారి చెల్లించి, గడువు తేదీని దుకాణపు గోడమీద లక్ష్మీదేవి పటము క్రింద వ్రాయించినాడు. తాకీదులు గుమాస్తా ఈమెయిలునకు గాక తన ఈమెయిలునకే వచ్చునట్లు చేసికొన్నాడు. పేరు కొనుటలో జాగ్రత్త ఎంత యవసరమో, ఉన్న పేరును పోగొట్టుకొనకుండుట అంతకంటె అవసరము.

సోదరులారా, మీలో అనేకులు ఈ పేరులను ఎన్నడును కొనరు. కాని మీ కుమారుడో, మనుమరాలో, మేనల్లుడో నేడుగాకున్న రేపు కొందురు. అప్పుడు సొమ్ముకొరకో సలహాకొరకో మీయొద్దకు వత్తురు. నాకు కంప్యూటరు తెలియదు, నీ యిష్టము అని తప్పుకొనకుడు. కంప్యూటరు తెలియకపోయినను బేరము మీకు తెలియును. అమ్మువానిచేత పేరున్నదా? అది వానికి ధర్మముగా ఎట్లు వచ్చినది? నీ గీటు ఎంత, కాగితముమీద వ్రాసితివా? సొమ్ము ఎవనియొద్ద నుంచెదవు, ఆ మధ్యస్థుని ఎన్నినది నీవా, వాడా? ఈ పేరు మరియొకరి ప్రఖ్యాతిని దొంగిలించునది కాదు గదా? రాత్రిలోపల పంపుమను తొందర ఎవనిది? ఈ ప్రశ్నలు అడుగుటకు అంగ్లము రానక్కరలేదు. ఎద్దును కొన్నప్పుడు పండ్లు లెక్కించినవాడు, పొలము కొన్నప్పుడు సరిహద్దురాళ్లు త్రొక్కి చూచినవాడు ఈ ప్రశ్నలను ఇదివరకే అడిగియున్నాడు.

సరకు మారినది, అంగడి మారినది, మోసము మాత్రము మారలేదు. మారని మోసమునకు మారని జాగ్రత్తయే మందు. పాటకు ముందు పట్టా చూడుడు. ఇంతే నా మనవి.